గడ ఆనకముందే నేల వదలమన్న మనిషి

ఎనేలియా అమ్మా, మాస్టారి అన్నదమ్ములారా, అక్కచెల్లెళ్లారా, ఈ మైదానంలో పరిగెత్తి మోకాళ్లు చెక్కుకున్న పాత పిల్లలారా, ఇప్పుడు చెక్కుకుంటున్న కొత్త పిల్లలారా, పక్క మైదానంలో ఆట సగంలో ఆపి వచ్చిన బేస్‌బాల్ అన్నదమ్ములారా, అందరికీ నమస్కారం.

ఇంత ఎండలో ఇంతమంది వచ్చారు. బస్సులు సరిగ్గా లేని రోజు. క్రూసెస్ నుంచి కొందరు చెరకు లారీ పట్టుకుని వేలాడుతూ వచ్చారని విన్నాను. ఇలాంటప్పుడు, ఆయన ఉంటే ఎంత సంతోషించేవారో అంటారు. నేను అనను. ఆయన ఉంటే మీరందరూ ఇలా కూర్చుని ఉండడం చూసి, "ఇంతమంది ఊరికే కూర్చోకపోతే ఆ పరుపులు లోపలికి మొయ్యొచ్చుగా, సాయంత్రం వానొస్తుంది" అనేవారు. మనం లేచి మోసేవాళ్లం. వాన వచ్చేది కాదు.

గురువారం పొద్దున రెయినేరియో కసాన్యాస్ మాస్టారు పోయారు. డెబ్బై ఎనిమిదేళ్లు. గుండె. మూడు వారాలు ఆసుపత్రిలో ఉన్నారు, మూడు వారాలూ ఆసుపత్రి మంచం ఎత్తు సరిగ్గా లేదని నర్సులతో వాదించారు. పోయారు.

నన్ను మాట్లాడమన్నది మాస్టారి ఇల్లాలు ఎనేలియా అమ్మ. "అమ్మా, నేను నోరు తెరిస్తే తిట్లే వస్తాయి" అన్నాను. "తిట్టు. యాభై ఏళ్లు నేను తిట్టాను. ఇవాళ నాకు ఓపిక లేదు, నువ్వు తిట్టు" అన్నది. కాబట్టి తిడతాను. పెద్దలు మన్నించాలి.

నేను ఒస్మారా లెస్కాయ్. తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను. పద్నాలుగో ఏట మాస్టారి చేతికి చిక్కాను. పందొమ్మిదో ఏట ఆయన్ని వదిలి పారిపోయాను. ఇరవై మూడో ఏట తిరిగి వచ్చాను. అప్పటి నుంచి ఆయన పక్కనే నిలబడి, మీ పిల్లలకు గడ పట్టుకుని ఎగరడం నేర్పుతున్నాను. అంటే ఇరవై ఏళ్లకు పైగా రోజూ పొద్దున ఆ మనిషి ముఖం చూశాను. ఎవరికైనా ఇంతకన్నా పెద్ద శిక్ష ఏముంటుంది?

మాస్టారిలో ఒక జబ్బుండేది. గుండెది కాదు, అంతకన్నా పాతది. బాగా నడుస్తున్న దాన్ని నడవనివ్వరు. మన ఊళ్లో ఎవరైనా చెడిపోయిన ఫ్యాన్ బాగుచేస్తారు. ఆయన తిరుగుతున్న ఫ్యాన్ విప్పుతారు. "తిరుగుతోంది సరే, ఎందుకు తిరుగుతోంది?" అంటారు. ఎనేలియా అమ్మా, మీ ఇంట్లో ఎన్ని ఎండాకాలాలు ఫ్యాన్ లేకుండా గడిచాయి? చెప్పండమ్మా. అదిగో, చేత్తో చూపిస్తోంది. ఐదు!

ఆ జబ్బు ఎలా అంటుకుందో చెప్తాను. మాస్టారు చక్కెర మిల్లు కార్మికుడి కొడుకు. కుర్రతనంలో తనూ ఎగిరారు. వెదురు గడతో ఎగిరి ఇసుక మీద పడేవారట. నాలుగు మీటర్ల పది సెంటీమీటర్లు దాటి ఒక్క అంగుళం పైకి వెళ్లలేదు. ఎందుకు వెళ్లలేదన్నది ఆయన్ని పట్టుకున్న మొదటి ప్రశ్న. ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటుంటే ఎక్కడో ఒక రష్యన్ పుస్తకం దొరికింది. గడ పట్టుకుని ఎగిరే మనిషి బొమ్మలు పేజీకొకటి. మాస్టారికి రష్యన్ రాదు. సరే, బొమ్మలున్నాయి కదా. కాని ఆ పుస్తకానికి చివరి పేజీలు లేవు! బొమ్మలోని మనిషి పరిగెత్తుతాడు, ఎగురుతాడు, తలకిందులవుతాడు. అక్కడ పుస్తకం అయిపోయింది. తలకిందులైన మనిషి కిందికి ఎలా రావాలో ఎవరూ చెప్పలేదు. అది మాస్టారు మా ఒళ్ల మీద కనుక్కున్నారు.

మీరు నవ్వుతున్నారు. అప్పుడు మాకు నవ్వు రాలేదు.

అవి ఏమీ దొరకని రోజులు. మంచి గడలు మాకు ఐదే ఉండేవి. మాకన్నా వయసులో పెద్దవి. పగుళ్లకు పట్టీలు చుట్టి వాడేవాళ్లం. పడడానికి పరుపులు లేవు. మాస్టారు రేవుకు వెళ్లి జాలరుల కాళ్లావేళ్లా పడి చిరిగిన వలలు తెచ్చారు. ఊరంతా తిరిగి పాత సోఫాల దూది, స్పాంజి ముక్కలు అడుక్కొచ్చి ఆ వలల్లో కూరి కుట్టించారు. మేం దాని మీద పడితే చేపల వాసన. ఇంటికెళ్తే పిల్లులు వెంటపడేవి. అయినా మాస్టారికి తృప్తి ఉందా? "గడలు లేవని ఏడవకండి. ఏటి ఒడ్డున వెదురు ఉంది, ఏట్లో నీళ్లున్నాయి" అన్నారు. మమ్మల్ని అరిమావో ఏటికి తోలుకెళ్లారు. వెదురు గడ నీళ్లలో గుచ్చి, అవతలి ఒడ్డుకు ఎగరాలట. నేను ఎగిరాను. గడ బురదలో దిగబడింది. నేను గడ చివర పట్టుకుని ఏటి మధ్యలో నిట్టనిలువుగా నిలిచిపోయాను. ముందుకూ లేదు, వెనక్కూ లేదు. కిందనుంచి మాస్టారు అరుస్తున్నారు, "కదలకు! అలాగే ఉండు! నీ ఎడమ మోచెయ్యి ఎక్కడుందో చూడనీ!"

నేను నీళ్లలో పడేదాకా చూశారు.

మరునాడు మా అమ్మ ఈ మైదానానికి వచ్చింది. మా అమ్మ గొంతు మీలో కొందరు ఎరుగుదురు. "ఏం మాస్టారూ, పిల్లని పైకి ఎగరడానికి పంపాను గాని ఏట్లో నానబెట్టడానికి కాదు. బట్టలు నానబెట్టాలంటే నా ఇంట్లోనే చాలా ఉన్నాయి" అన్నది. మాస్టారు తల వంచుకుని అంతా విన్నారు. చివరికి ఏమన్నారో తెలుసా? "అమ్మా, మీకు నడుము నొప్పి ఉందా? నిలబడడంలో బరువంతా కుడి కాలి మీదే వేస్తున్నారు" అన్నారు. మా అమ్మ తిట్టడం మర్చిపోయింది. ఇద్దరూ కూర్చుని అరగంట నడుము గురించి మాట్లాడుకున్నారు. నేను పక్కన నిలబడి చూస్తున్నాను. అంత కోపంతో వచ్చిన మా అమ్మనూ లాక్కున్నాడీ మనిషి అనుకున్నాను.

ఇంకోసారి, ఈ మెట్ల కింద ఇనప దూలం ఉంది చూశారా, దానికి మోకాళ్లు తగిలించి మాస్టారు తలకిందులుగా వేలాడుతున్నారు. అప్పటికే యాభై దాటింది. గాల్లో తలకిందులుగా ఉన్నప్పుడు మనిషికి పైది ఏది కిందది ఏది అనేది ఎప్పుడు తెలియడం మానేస్తుందో కనుక్కుంటున్నారట. వేరుశనగలు అమ్మే ముసలమ్మ చూసి కేకలు పెట్టింది. బేస్‌బాల్ కుర్రాళ్లు పరిగెత్తుకొచ్చారు. మీలో ఆ రోజు వచ్చినవాళ్లున్నారు. దింపబోతే "ముట్టుకోకండి, ఇంకో రెండు నిమిషాలు" అని అరిచారు. అసలు మీరూ తక్కువ తిన్నారా? ఆయన గడ భుజాన పెట్టుకుని వీధిలో వెళ్తుంటే, "దోటి పట్టుకుని ఎక్కడికి మాస్టారూ? మామిడికాయలింకా పిందెలే!" అని మీ అరుగుల మీంచి ఎన్నేళ్లు ఆటపట్టించారు! ఆయన ఏనాడూ కోపం తెచ్చుకోలేదు. "పిందెలైతే ఎందుకు పిందెలు? నీళ్లు పెట్టారా?" అని ఆగి అడిగేవారు. ఏం చేస్తాం ఇలాంటి మనిషిని?

సరే. ఇప్పుడు నా సంగతికి వస్తాను. మీరంతా ఎదురుచూస్తున్నది అదేనని నాకు తెలుసు. ఊళ్లో అందరికీ తెలిసిన కథ. రొట్టెల దుకాణం ముందు వరుసలో నేనే వంద సార్లు చెప్పాను.

ఆడపిల్లలకు ఈ ఆటలో పోటీలు అప్పుడప్పుడే మొదలవుతున్నాయి. పద్దెనిమిదేళ్ల వయసులో నేను మూడు మీటర్ల ఎనభై సెంటీమీటర్లు ఎగిరాను. ఈ మైదానంలోనే. ఆ రోజు రేడియోలో నా పేరు చెప్పారు. మా అమ్మ వీధిలో అందరికీ కాఫీ పోసింది. ఇంకెవరైనా గురువైతే ఏం చేస్తారు? "భేష్ పిల్లా, ఇలాగే ఎగురు" అంటారు. అవునా కాదా? మన మాస్టారు మరునాడు పొద్దున వచ్చి, "నిన్నటిది మర్చిపో. కొత్తగా మొదలుపెడదాం" అన్నారు.

బేస్‌బాల్ వాళ్ల కోసం నాలుగు ముక్కల్లో చెప్తాను. గడ పట్టుకుని పరిగెత్తుతాం. పరుగు చివర నేలలో ఒక పల్లపు పెట్టె ఉంటుంది. గడ మొన అందులో ఆనుతుంది, గడ వంగుతుంది, వంగిన గడ మనల్ని పైకి విసురుతుంది, పైన అడ్డంగా పెట్టిన బార్‌ను పడిపోకుండా దాటాలి. నేను అందరిలాగే, గడ ఆనిన తర్వాత నేల వదిలేదాన్ని. అలా చేస్తే ఆ దెబ్బ అంతా భుజాలకు తగులుతుంది. కాని ధైర్యంగా ఉంటుంది. గడ ఎక్కడో దిగిందని చేతికి తెలుస్తుంది, అప్పుడే కాలు లేస్తుంది. మాస్టారు అలా వద్దన్నారు. గడ ఆనడానికి రెప్పపాటు ముందే కాలు నేలను వదిలెయ్యాలి అన్నారు. అంటే ఆ రెప్పపాటు కాలంలో కింద నేల లేదు, చేతిలో ఆధారం లేదు. గాల్లో ఒక కర్ర పట్టుకుని ఉంటావు, అంతే. "నేల నిన్ను తన్నకముందే నువ్వు నేలను వదిలెయ్యి" అనేవారు. "తలుపు తీయకుండానే భుజంతో గుద్దుకునే మనిషిలా ఉంది నీ ఎగురు" అనేవారు. వినడానికి బాగుంది. చెయ్యమనండి ఎవరినైనా!

ఎనిమిది నెలలు. ఎనిమిది నెలలు నేను మూడు మీటర్ల ఇరవై దాటలేదు. వెనక్కి పరుగుబాట మీద పడ్డాను. మోచేతి చిప్ప పగిలింది. ఏడ్చాను, గడ విసిరికొట్టాను, బూతులు తిట్టాను. ఆయన గడ ఏరుకొచ్చి నా చేతికిచ్చి, "మళ్లీ" అనేవారు. ఆ ఒక్క మాట, "మళ్లీ". దాన్ని వినని రోజు నా బతుకులో ఉంటుందా అనుకునేదాన్ని.

ఆ పరిస్థితిలో హవానాలో ఎంపిక పోటీ వచ్చింది. పాన్ అమెరికన్ క్రీడలకు జట్టు. నెగ్గితే విమానం, విదేశం, దేశం పేరు రాసిన చొక్కా. గడలు లారీ పక్కన తాళ్లతో కట్టి, నేనూ మాస్టారూ ఉల్లిపాయల బస్తాల మీద కూర్చుని వెళ్లాం. మొదటి ఎత్తు మూడు అరవై. ఎనిమిది నెలల ముందు నేను నిద్రలో దాటేదాన్ని. మూడు సార్లు ఎగిరాను. మూడు సార్లూ బార్ పడిపోయింది. ఇంటికి పొమ్మన్నారు.

పైవాళ్లు మాస్టారిని పిలిచి అడిగారు, మూడు ఎనభై ఎగిరిన పిల్ల ఇవాళ మూడు అరవై ఎందుకు ఎగరలేదని. ఆయన, "కొత్త పద్ధతి పెట్టాను. తప్పు నాది" అన్నారు. అంతే అన్నారు. ఆ తర్వాత రెండేళ్లు ఆయన్ని గడల దగ్గరికి రానివ్వలేదు. గడలు గదిలో పెట్టి తాళం వేశారు. ఆయన్ని చిన్న బడిలో ఐదేళ్ల పిల్లలకు బంతాట నేర్పమన్నారు. ఆ బడిలో ఏం చేశారో మీకు తెలుసు. చీపురుకర్రలతో మురిక్కాలవ దాటించారు. పిల్లలందరూ మురిక్కాలవలో పడ్డారు. తల్లులందరూ మళ్లీ గొడవకు వచ్చారు. మళ్లీ అందరి నడుముల గురించీ మాట్లాడి పంపించారు.

నేనా? నేను రొట్టెల దుకాణంలో పనికి చేరాను. వరుసలో నిలబడిన ప్రతి మనిషికీ చెప్పాను. "ఆ ముసలాడు నా బతుకు మీద ప్రయోగం చేశాడు" అన్నాను. ఊరు నా మాట నమ్మింది. వీధిలో ఆయన వెళ్తుంటే పిల్లలు కూడా అనడం మొదలుపెట్టారు, "మాస్టారూ, ఇవాళ ఎవరి కాళ్లు విరగ్గొడుతున్నారు?" అని. ఆయన ఆ ఒక్కదానికి ఆగి ఎదురు ప్రశ్న అడగలేదు.

నాలుగేళ్లు మాట్లాడలేదు నేను. ఒకరోజు ఎనేలియా అమ్మ రొట్టె కోసం వచ్చి, రొట్టె తీసుకోకుండా నిలబడింది. "ఆయనకు గడలు మళ్లీ ఇచ్చి రెండేళ్లయింది. ఇప్పుడు ఒక పిల్ల వచ్చింది. ఇంతే ఉంది. భయమనేది తెలియదు. ఆయనకు మాత్రం భయంగా ఉందట, తన చేతుల్లో పెట్టుకోవడానికి. నువ్వొస్తేనే నేర్పుతాడట" అన్నది. నేను రానన్నాను. మరునాడు వచ్చాను. చూసిపోదామని వచ్చాను, అంతే. ఇప్పటికీ చూస్తూనే ఉన్నాను.

ఆ పిల్ల యారిస్‌బెల్. అదిగో, మూడో మెట్టు మీద ఉంది. లే యారిస్‌బెల్, నిలబడే ఉన్నావా? సరే, పొట్టిదానివి, తెలియలేదు. నవ్వండి, పరవాలేదు, దానికి అలవాటే. యారిస్‌బెల్‌కు ఆ గాల్లో రెప్పపాటంటే భయం లేదు. నాకు ఎనిమిది నెలల్లో ఒంటబట్టనిది దానికి ఆరు వారాల్లో వచ్చింది. రెండేళ్లలో నాలుగు మీటర్ల ఇరవై ఎగిరింది. మాస్టారు గెలిచారు. ఊరంతా ఒప్పుకుంది. ఇక శాంతిగా ఉండొచ్చు కదా? మరునాడు పొద్దున వచ్చి, "బాగుంది. ఇప్పుడు ఎడమ చేత్తో గడను కాస్త వదులుగా పడితే ఏమవుతుందో చూద్దాం" అన్నారు! యారిస్‌బెల్ గడ కింద పెట్టి, "మాస్టారూ, నన్ను నా మానాన ఎగరనివ్వండి, మీకు దండం పెడతాను" అన్నది. నేను ఆ రోజు దుకాణానికి తిరిగి పోదామనుకున్నాను. నిజంగా అనుకున్నాను.

ఎందుకాయన ఎక్కడా ఆగరు? ఒక్క రోజు, గెలిచిన రోజైనా, కుర్చీలో వెనక్కి వాలి ఊగుతూ కూర్చోవచ్చు కదా? ఈ దేశంలో మనందరికీ వచ్చిన విద్య అది ఒక్కటే. ఆయనకు అదీ రాలేదు.

ఇక్కడితో ఆపేస్తే బాగుండేది. తిట్టాల్సింది తిట్టాను. మీరు నవ్వారు. కాని ఇప్పుడు చెప్పబోయేది చెప్పకుండా నేను ఈ మెట్లు దిగితే, రేపటి నుంచి ఆ పరుగుబాట మీద కాలు పెట్టలేను.

నేను ఊరికి చెప్పిన కథలో ఒక ముక్క దాచాను.

హవానాలో, పోటీకి ముందు, కాళ్లు సాగదీసుకుంటుంటే మాస్టారు నా పక్కన కూర్చున్నారు. "అమ్మాయ్, ఇవాళ పాత పద్ధతే. కొత్తది నీకింకా ఒంటబట్టలేదు. అది నా తొందర. నీ పాత గుర్తు నుంచే పరిగెత్తు, హాయిగా ఎగురు, మూడు అరవై, మూడు డెబ్బై, జట్టులో ఉంటావు" అన్నారు. విన్నారా? పాత పద్ధతే అన్నారు.

నాకు ఒళ్లు మండింది. ఎనిమిది నెలలు నా భుజాలు పిండి చేసి, మోచెయ్యి పగలగొట్టి, ఇవాళ పాతదా? నేను సరేనని తల ఊపాను. లేచి వెళ్లి, ఆయన చూడకుండా, పాత గుర్తుకు జానెడు వెనక సున్నంతో కొత్త గుర్తు పెట్టుకున్నాను. పరుగు జానెడు వెనక మొదలైతే కాలూ జానెడు ముందే నేల వదులుతుంది, అలా కొత్త పద్ధతిలోనే ఎగిరాను. నెగ్గితే గొప్ప నాది, ఓడితే తప్పు ఆయనది, ఎలా పోయినా నాకేం అనుకున్నాను. పందొమ్మిదేళ్ల తెలివి. ఓడాను. తప్పు ఆయనదయింది. ఆయన పైవాళ్ల ముందు నిలబడి "తప్పు నాది" అంటుంటే నేను తలుపు పక్కనే ఉన్నాను. నోరు విప్పలేదు. రెండేళ్లు ఆయన గడలు తాళం వెనక ఉంటే విప్పలేదు. ఆయన పక్కన ఇరవై ఏళ్లు పనిచేస్తూ విప్పలేదు. రోజూ పొద్దున ఆ ముఖం చూడడం శిక్ష అన్నాను చూశారా, అందుకు.

ఎనేలియా అమ్మా, మీరు కూర్చోండి. నేను పూర్తి చేస్తాను.

పోయిన నెల ఆసుపత్రికి చేమదుంపల గుజ్జు పట్టుకెళ్లాను. మధ్యాహ్నం. అమ్మ నీళ్లు తేవడానికి వెళ్లింది. నేను అట్టముక్కతో విసురుతున్నాను. ఇక ఉండబట్టలేక, అంతా చెప్పేశాను. గుర్తు మార్చానని, కావాలనే మార్చానని, తలుపు పక్క నిలబడి విన్నానని. నలభై ఐదేళ్ల మనిషిని, వెక్కివెక్కి ఏడ్చాను. క్షమించమని అడిగాను.

 ఆయన అడిగారు, "బార్ నీకు ఎక్కడ తగిలింది? ఎక్కేటప్పుడా, దిగేటప్పుడా?"

చూడండి! నేను ఏడుస్తున్నాను! ఇరవై ఆరేళ్ల నుంచి గొంతులో ఇరుక్కున్నది బయటికి కక్కుతున్నాను! ఆయనకు బార్ ఎక్కడ తగిలిందో కావాలి!

"ఎక్కేటప్పుడు, మోకాళ్లకు. మూడు సార్లూ" అన్నాను.

"అదే" అన్నారు. "అంటే నువ్వు లోపలికి బాగా వెళ్తున్నావు. బార్ నీకు మరీ దగ్గరైంది. స్తంభాలు జానెడు వెనక్కి జరిపించి ఉంటే దాటేదానివి."

బార్ నిలబెట్టే స్తంభాలు ముందుకూ వెనక్కూ జరుగుతాయి. ఎక్కడుండాలో మేం ఎగిరే ముందు చెప్పాలి. ఆ రోజు అవి నా పాత పద్ధతికి సరిపోయేలా ఉన్నాయి. కొత్త పద్ధతిలో ఎక్కడుండాలో నాకు తెలియదు. చూసి చెప్పాల్సింది కింద కూర్చున్న గురువు.

"నేను చూశాను ఒస్మారా" అన్నారు. "మొదటి ఎగురులోనే చూశాను, నీ కాలు ఎక్కడ లేచిందో. నా మాట దాటావని తెలిసింది. వెనక్కి జరిపించమని ఒక్కసారి చెయ్యి ఊపితే చాలు. ఊపలేదు. కోపమొచ్చింది. చేతులు కట్టుకుని కూర్చున్నాను. రెండోసారీ అలాగే కూర్చున్నాను. మూడోసారీ. తప్పు నాది అని ఊరికే అనలేదు నేను. నిజం అన్నాను."

నేను విసరడం ఆపేశాను. "మరి ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదు మాస్టారూ?" అని అరిచాను. పక్క మంచం ఆయన లేచి కూర్చున్నాడు.

"నీకు తెలుసనుకున్నాను" అన్నారు. "నువ్వు నన్ను తిట్టినప్పుడల్లా, నా చేతులు కట్టుకోవడం చూసే తిడుతోంది, తిట్టాలి కదా, అనుకున్నాను."

అయ్యలారా, అమ్మలారా, నేను ఆ చేతులు చూడనే లేదు. ఇరవై ఆరేళ్లు ఆయన తిట్లు తింటూ నాకు అంతా తెలుసనుకున్నారు. ఇరవై ఆరేళ్లు నేను తిడుతూ ఆయనకు ఏమీ తెలియదనుకున్నాను. పొద్దున్నే ఒకరికొకరం కాఫీ పోసుకున్నాం, ఒకే గడను రెండు చివర్లా పట్టుకుని మోశాం, ఒక్క మాట అనుకోలేదు. ప్రపంచంలో ప్రతిదాన్నీ "ఎందుకు" అని అడిగిన మనిషి, తన పక్కన నిలబడిన మనిషిని ఆ ఒక్క మాట అడగలేదు. నేను చెప్పలేదు. ఇంతకన్నా మొండి మనుషులు ఇద్దరు ఈ సియెన్‌ఫ్యుగోస్‌లో ఎక్కడైనా పుట్టి ఉంటారా?

వెళ్లబోతుంటే చెయ్యి పట్టుకున్నారు. "ఆ మూడో ఎగురు. నేల వదిలాక, గడ ఆనకముందు. ఎలా ఉంది?"

ఎవరికీ చెప్పలేదు నేను అది. నాలో నేను కూడా అనుకోలేదు. "బరువే లేదు మాస్టారూ. గడా లేదు, నేనూ లేను" అన్నాను.

ఆయన కళ్లు మూసుకున్నారు. "అయితే నీకు వచ్చేసిందన్నమాట. వచ్చింది, నేనే చూడలేదు" అన్నారు. అమ్మ నీళ్లు పట్టుకుని వచ్చింది. 

ఇది నేను ఊరికి బాకీ ఉన్న ముక్క. రొట్టెల వరుసలో విన్నవాళ్లు దయచేసి రొట్టెల వరుసలోనే తిరిగి చెప్పండి. హవానాలో రెయినేరియో కసాన్యాస్ నన్ను పాత పద్ధతిలో ఎగరమన్నారు. నేను వినలేదు. ఆయన చెప్పినట్టు విని ఉంటే నేను దాటేదాన్ని. ఆయన చెయ్యి ఊపి ఉన్నా దాటేదాన్ని. పిల్లలారా, మీకు ముఖ్యంగా చెప్తున్నాను. నా మీద కోపమొస్తే రేపు పొద్దున్నే ముఖం మీద అనండి. నేనూ అంటాను. ఇకపై ఈ మైదానంలో ఎవరూ చేతులు కట్టుకుని కూర్చోవడానికి వీల్లేదు.

ఎనేలియా అమ్మా, ముందు మిమ్మల్ని లేవమంటున్నాను. యారిస్‌బెల్, అమ్మకు చెయ్యి ఇవ్వు. అందరూ లేవండి. టోపీలు తీయండి. మా ఇద్దరి మౌనం ఇరవై ఆరేళ్లు సాగింది, అది ఎవరికీ మేలు చేయలేదు. మీ దగ్గర ఒక్క నిమిషమే అడుగుతున్నాను. ఆ తర్వాత ఇళ్లకు పోయి, ఎవరితో ఏం చెప్పకుండా ఆగిపోయారో, వాళ్లతో అది చెప్పండి.

నిలబడదాం.